ఎడమ సగం

అనుమానపడటం నా ఉద్యోగం. జీతమిచ్చి మరీ పడమంటారు. తలకి రాసుకునేవీ తల కడిగేవీ బజారుకెళ్ళే ముందు మా పరీక్షశాలకి వస్తాయి. డబ్బా మీద రాసింది నిజమో కాదో తేల్చడం నా పని.

ఈసారి వచ్చింది తల శుభ్రం చేసే మెషీన్. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే గానీ నిలవదు. గోరువెచ్చని నీళ్ళు చిమ్ముతూ, మెత్తటి రబ్బరు పళ్ళతో రుద్దుతూ, ఆ మురికినీళ్ళని తనే పీల్చి ఓ సీసాలో నింపుకుంటుంది. చుక్క కింద పడదు. అందుకే తల వెనక్కి వాల్చే కుర్చీ వెనకున్న తొట్టి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. ఆ కుర్చీనీ తొట్టినీ మూతపడిన ఏదో బ్యూటీపార్లర్ నుంచి కొన్నారు. మెడ ఆనించే చోట బాగా అరిగిపోయి ఉంది.

పాపిడి దగ్గర తలని రెండు సగాలుగా చూస్తాం. కుడి సగం వారానికోసారి మెషీన్‌తో కడుగుతాం. ఎడమ సగాన్ని ఆరు వారాలు ఎవరూ ముట్టుకోకూడదు. కడగక ముందూ కడిగాకా లైట్లార్పి, నీలం దీపం కింద ఫొటో తీస్తాం. మురికీ పొలుసులూ నారింజ రంగులో మెరుస్తాయి, శుభ్రమైన చోటు నల్లగా కనిపిస్తుంది. ఎడమ సగం ముట్టుకున్నారని తేలితే ఆ మనిషిని తీసేస్తారు.

మా జాబితాలో పదిహేడో నంబరు మా అక్క. చుట్టాల్ని చేర్చుకోకూడదని రూలుంది. తెలిసే ఇంటిపేరు మార్చి రాశాను. రెండేళ్ళుగా అక్క తలనిండా పొలుసులే. వాడని మందు లేదు. "టీచర్ తలలోంచి పిండి రాలుతోంది" అని పిల్లలు నవ్విన రోజు సెలవు పెట్టి వచ్చేసింది, ఈ పరీక్షకి తప్ప మళ్ళీ గడప దాటలేదు. వేసవి సెలవులయ్యి బడి తెరిచేలోగా తల బాగుపడకపోతే ఆ ఉద్యోగం పోతుంది.

మూడో శనివారం, మధ్యాహ్నం మూడింటికి, ఫొటోలో తేడా కనిపించింది. ఎడమ సగంలో పక్కపక్కనే నాలుగు నల్లటి గీతలు.

"కడుక్కున్నావా?" అన్నాను.

"లేదే. నీ మీద ఒట్టు."

నేను నమ్మలేదు. ఒట్లు నమ్మితే నాకు జీతమెందుకు? ఇంటికెళ్ళాక ఎడమ సగాన్ని గుడ్డతో కప్పి, చుట్టూ టేపు వేసి, టేపు మీద సంతకం పెట్టాను. అక్క నవ్వింది. "బీరువాకి కూడా ఇన్ని తాళాలు వెయ్యవు కదే!"

నాలుగో శనివారానికి సంతకం చెక్కుచెదరలేదు. కడగక ముందు ఫొటో తీస్తే, పాత గీతలు కూడా పూడిపోయి ఎడమ సగమంతా నారింజ రంగే. కడిగాక మళ్ళీ తీశాను. ఎనిమిది గీతలు. అంటే ఇంట్లో కాదు. ఇక్కడే... నేను పక్కనుండగానే.

మెషీన్ తయారుచేసినతన్ని పిలిచాను. జేబులో ఎప్పుడూ మరలు గలగలలాడుతుంటాయని అందరం అతన్ని స్క్రూ అంటాం. అతని మెషీనే అటువైపు నీళ్ళు చిమ్ముతోందని నా అనుమానం.

"నా మెషీన్‌కి అంత దానగుణం లేదండీ," అన్నాడు స్క్రూ. ఫొటోని దగ్గరగా చూశాక నవ్వు తగ్గింది. "ఎవరైనా వెనక నించుని నుదుటి నుంచి మెడ వైపు రుద్దుతారు కదా? ఈ గీతలు మెడ దగ్గర మొదలై పైకి పోయాయి. కింద నుంచి వచ్చినట్టు."

కింద ఉన్నది తొట్టి. అతను అందులో చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. సీసాలోని పొలుసులు తూకం వేస్తే కుడి సగానికే సరిపోయాయి. ఎడమవైపు ఊడినవి ఎక్కడా లేవు.

ఐదో శనివారం తలుపు గడియపెట్టాను. ఏం జరుగుతుందో కళ్ళారా చూడాలని నీలం దీపం ఒక్కటే ఉంచాను. కిటికీల్లేని గది. మెషీన్ గుర్రుమంటోంది. సబ్బు వాసన. దాని అడుగున ఇంకో వాసన... ఎన్నాళ్ళో మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు.

"ఇవాళ నీ రెండో చెయ్యి మరీ చల్లగా ఉందే," అంది అక్క గుసగుసగా, కళ్ళు మూసుకునే.

నా రెండు చేతులూ మెషీన్ మీదే ఉన్నాయి.

"ఏ చెయ్యి అక్కా?"

"ఎడమవైపు రుద్దేది. మూడు వారాల్నుంచి రుద్దుతున్నావుగా... బయటికి చెబితే నీకు మాటొస్తుందని ఊరుకున్నాను."

నేను వంగి చూశాను. తొట్టి చీకటిగా ఉంది. మెడ దగ్గర జుట్టు నాలుగు పాయలుగా విడింది. ఆ పాయలు మెల్లగా... పైకి... పైకి. అవి దాటిన చోటల్లా నారింజ రంగు ఆరిపోతోంది.

"లే అక్కా!"

భుజాలు పట్టి లాగాను. రాలేదు. తల ఎవరో పట్టుకున్నట్టు అక్కడే ఉంది.

"ఆగవే... అయిపోవస్తోంది."

ఒక్కసారిగా ఆ పట్టు వదిలింది. ఇద్దరం నేల మీద పడ్డాం. లేచి లైటు వేశాను. అక్క ఎడమ సగంలో ఒక్క పొలుసు లేదు. పసిపిల్ల తలలా ఉంది. అద్దంలో చూసుకుని అక్క వెక్కివెక్కి ఏడ్చింది. రెండేళ్ళ తర్వాత దాని ముఖంలో సంతోషం చూశాను, నాకూ ఏడుపొచ్చింది. "ఇంక ఇక్కడికి రావద్దు," అన్నాను.

"కుడివైపు మిగిలుందిగా," అంది అక్క.

సోమవారం పదిహేడో నంబరు కాగితాలు చింపేశాను. విరిగిందని అబద్ధమాడి కుర్చీనీ తొట్టినీ పాత సామాన్లవాడికి ఇప్పించేశాను. పీడ వదిలిందనుకున్నాను.

శనివారం మూడింటికి అక్క గదిలోంచి చప్పుడు లేదు. తొంగిచూశాను. మంచం మీద వెల్లకిలా పడుకుని, తల అంచు మీంచి కిందికి వేలాడేసింది. కళ్ళు మూసుకుంది. కుడివైపు జుట్టు నాలుగు పాయలుగా విడి కదులుతోంది. పొలుసులు రాలుతున్నాయి. నేల మీదికి మాత్రం ఒక్కటీ చేరడం లేదు.

లాగేయొచ్చు. లాగలేదు. ఇంకో రెండు వేళ్ళ మేర మిగిలుంది, అదీ పోతే బడికి వెళ్తుంది కదా అనుకున్నాను. గుమ్మంలో నించుని, అయ్యేదాకా చూశాను.

బడి తెరిచారు. అక్క నెత్తిన గుడ్డ లేకుండా వెళ్ళి వచ్చింది. ఆ తలలో ఇప్పుడు శుభ్రం చెయ్యడానికి ఏమీ లేదు. అయినా మొన్న శనివారం మూడింటికి గది తలుపేసుకుంది. నాలుగున్నరకి నవ్వుకుంటూ బయటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది.

"ఎంత నున్నగా ఉందో చూడవే," అంది.

దాని ఎడమ కనుబొమ్మ లేదు.