సరిగ్గా కట్టిన తీగ

చిన్నయ్య నిచ్చెన మీంచి నేలకు చేరేలోపే ప్రాణం పోయింది. మెడ వెనక సన్నని సూది గుర్తు. చూసినవాళ్ళు "షాక్ కొట్టింది, పాపం" అనేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు.

చిన్నయ్య వైర్‌మన్ కాదు. సీక్రెట్ సర్వీస్ మనిషి.

బెజవాడలో ఓ లారీ ఆఫీసు వెనక గదిలో చీఫ్ హనుమయ్య సిగరెట్ నలిపేశాడు.

"రేపు నూజివీడులో, మామిడి ఎగుమతిదారుల కొత్త హాల్లో సన్మానం. సైంటిస్టు భానుమూర్తికి. ఆ పక్కనే ముసునూరు ఆయనది. మన నేవీ కొత్త రాడార్ మొత్తం ఆయన బుర్రలో ఉంది. ఆయన్ని లేపెయ్యడానికి విదేశీ ముఠా దిగింది."

"చిన్నయ్య ఏమన్నాడు?" ఏజెంట్ భావనారాయణ పళ్ళు నూరాడు. చిన్నయ్యకు వైరింగ్ పని నేర్పింది తనే.

"ఫోన్లో ఒక్క ముక్క. 'సీలింగు పైన ఒక్క తీగే సరిగ్గా ఉంది సార్.' అంతే, లైన్ కట్. అక్కడ మనకింకో మనిషుంది. అహల్య. ఇంటీరియర్ డిజైనర్ వేషం. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది."

మర్నాడు ఖాకీ చొక్కా, జేబులో టెస్టర్‌తో భావనారాయణ నూజివీడులో బస్సు దిగాడు. హాలు ముందు మామిడికాయల బళ్ళు. లోపల ధగధగలాడే ఫాల్స్ సీలింగ్. కాంట్రాక్టర్ తిరుపతిరావు కిళ్ళీ నములుతూ మురిసిపోతున్నాడు.

గోడవారగా నిచ్చెన వేసి భావనారాయణ ఒక పలక తొలగించాడు. తల పైకి దూర్చాడు.

కట్టలు కట్టలు వైర్లు. కొన్ని పలకల మీదే పడుకున్నాయి. మిగతావి సీలింగును వేలాడదీసిన కమ్మీలకే కట్టేసి ఉన్నాయి. వైరు బరువు స్లాబు మొయ్యాలి. దాని కొక్కేలు దానికి వేరే ఉండాలి. సీలింగు మీద పెట్టకూడదు, సీలింగు కమ్మీలకు కట్టకూడదు. రూలు అది. ఎవడు పాటించాడు? రిబ్బన్ కత్తిరించేవాడు పైకి చూడడు. చూసేవాణ్ణి రిబ్బన్ దగ్గరికి రానివ్వరు.

"ఎవడు నేర్పాడయ్యా నీకీ పని? ఒక్క కట్ట గుంజితే కప్పంతా కూలుతుంది!"

"అంత కోపమేంటండీ? కింద నించి తెల్లగా ఉందా, లేదా? పైకి ఎలకలు తప్ప ఎవరెళ్తారండీ?"

"తిరుపతిరావు గారూ, మీరెళ్ళి దండల సంగతి చూడండి."

నల్ల కళ్ళద్దాలు, షిఫాన్ చీర, ఫారిన్ సెంటు. అహల్య! తిరుపతిరావు వంగి వంగి బయటికి వెళ్ళాడు.

"చిన్న రసాలు దిగాయా?" భావనారాయణ మెల్లగా అడిగాడు.

"దిగాయి. తొడిమ దగ్గర ఇంకా పులుపే."

కోడ్ కరెక్ట్. అతను మళ్ళీ తల పైకి దూర్చి టార్చ్ వేశాడు. ఆ చెత్త మధ్యలో ఒక్క నల్ల తీగ. స్లాబుకు కొక్కేలు, కొక్కేలకు క్లిప్పులు, దారం పట్టినట్టు తిన్నగా! తిరుపతిరావు ఏడు జన్మలెత్తినా అలా కట్టలేడు. ఆ తీగ మైకు స్విచ్ దగ్గర గోడెక్కి, వేదికకు సరిగ్గా పైన స్లాబుకు బిగించిన పొట్లంలోకి పోతోంది.

బాంబు! మైకు ఆన్ చేస్తే హాలంతా బూడిద.

"దొరికిందా?" అతను తల కిందికి దించాడు. అహల్య చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సూది మెరుస్తోంది.

"చిన్నయ్యని చంపింది నువ్వా!"

"పైకి చూశాడు. ఈ ఊళ్ళో ఎవరూ చూడరని చెప్పారు నాకు."

"మా జీతం తింటూ..."

"వాళ్ళదీ తింటున్నాను."

"ఆ చెత్తలో కలిపేసుంటే దొరికేదానివి కాదు."

అహల్య ముక్కు చిట్లించింది. "అంత ఛండాలంగా కట్టడం నాకు చేతకాదు."

ఆమె వేలు కదిలింది. అతను తల పక్కకు తిప్పాడు. సూది చెవిని రాసుకుంటూ పోయింది. అంతే, దగ్గర్లో ఉన్న వైర్ల కట్టను రెండు చేతులా పట్టి, చిన్నయ్య మీది దుఃఖమంతా, తిరుపతిరావు మీది కసంతా కలిపి ఒక్క గుంజు గుంజాడు. కమ్మీలు ఊడాయి. పలకలు, అల్యూమినియం పట్టీలు, నక్షత్రాల డిజైనూ ఫెళఫెళమంటూ వెళ్ళి అహల్య మీద పడ్డాయి. లిప్‌స్టిక్ దొర్లిపోయింది. ఆమె లేవలేదు.

అప్పుడే బయట సన్నాయి మేళం అందుకుంది. భానుమూర్తి కారు దిగాడు. చప్పుడు విని జనం లోపలికి పరిగెత్తారు. అందరికన్నా ముందు తిరుపతిరావు.

"ఏం కాలేదండీ, కంగారు పడకండి! కరెంటు బ్రహ్మాండంగా ఉంది, ఇదిగో చూడండి!" అంటూ మైకు స్విచ్ దగ్గరికి ఉరికాడు.

"ముట్టుకోకు రా!" భావనారాయణ అరుపు మేళంలో కలిసిపోయింది. నిచ్చెన మీంచే టెస్టర్ పిడి తిప్పాడు. లోపల దాచిన కట్టర్ బయటికొచ్చింది. తీగ పుటుక్కున తెగింది. టక్‌మని స్విచ్ పడింది.

"హలో... హలో... మైక్ టెస్టింగ్..."

మైకు పలకలేదు.

"ఇదేంటండీ, పని చెయ్యట్లేదు?"

భావనారాయణ బోసిపోయిన స్లాబు వైపు చూశాడు. దానికి ఊడకుండా మిగిలిన వైరు, తెగిన ఆ నల్ల తీగ ఒక్కటే.

"ఎలా చేస్తుందయ్యా?" అన్నాడు. "ఈ హాల్లో సరిగ్గా చేసిన పని ఒక్కటే ఉంది. అది కాస్తా నేను కోసేశాను."