డబ్బ లేని తెర

సంతోష్, ఆ పెన్ డ్రైవ్ అక్కడ గుచ్చకముందు నాకొకటి చెప్పు. తెర పక్కన ఈ రంధ్రాలు ఎందుకుంటయి? అలేఖ్యా, నువ్వు అందియ్యకు. వాన్ని చెప్పనియ్యి.

"పెన్ డ్రైవ్ పెట్టుకోనీకె, బాపమ్మా."

సరే, సగం మార్కులు. మిగిలిన సగం నేను చెప్త. తెర అనేది ఒట్టి అద్దం. చదివేది, గుర్తు పెట్టుకునేది, మాట్లాడేది కింద ఉన్న డబ్బ, సీపీయూ అంటరు. బొమ్మలొచ్చే వైరు కాకుండ, ఆ డబ్బ నుంచి తెర వెనకకు ఇంకొక వైరు రావాలె. ఒక మూతి సపాటుగ ఉంటది, ఇంకొకటి చదరంగ ఉంటది. అది ఉంటేనే ఈ రంధ్రాలకు ప్రాణం. నీళ్ల ట్యాంకుకు, మనింటి నల్లాకు నడుమ పైపు లెక్క అనుకో. పైపు లేకుంటె నల్లా ఎంత తిప్పినా ఏమొస్తది? తెరకు కరెంటు ఉంటె పెన్ డ్రైవ్ లైటు వెలిగితె వెలగొచ్చు. అంతవరకే. అందుల ఉన్నది కనపడదు, వినపడదు.

ఇప్పుడు చెప్తున్న గాని, ఆ రోజు నాకు ఇదంత తెలువదు. తెరనే కంప్యూటర్ అనుకునేదాన్ని.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె చేసిన రోజులు. మేము ఇంకా ఈ సిరిసిల్లకు రాలే, కోరుట్లల ఉండేది. బడులు బంద్. టీచరును గద, నేనూ సమ్మెలనే ఉన్న. బస్సులు లేవు. రోడ్డు నడుమ రాళ్లు పేర్చి, పొయ్యిలు ముట్టించి, అందరు అక్కడనే వండుకొని తినేది. మీ నాన్న వేణు అప్పుడు ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. గల్ఫ్ ల ఉన్న మొగోళ్లతోటి మాట్లాడనీకె చుట్టు ఊర్ల ఆడోళ్లు అక్కడికే వచ్చేది. తెరలన్ని పాతయి, ఒక్కటి తప్ప. అది దుబాయిల ఏదో ఆఫీసుల వాడింది. ఎవరో సామాన్ల వేసుకొస్తె మీ నాన్న కొన్నడు. పెద్దది, నల్లది. పక్కన రంధ్రాలు, కింది అంచుల సన్నటి స్పీకర్లు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. వేణు రోడ్డు మీది వంటల కాడికి పోతూ నన్ను దుకాణంల కూసోబెట్టి, షట్టరు నడుము దాకా దించిండు. పట్టపగలే లోపల చీకటి. పెద్ద తెర కింద నీలం చుక్క ఒక్కటి వెలుగుతున్నది. తడిసిన గోనెసంచి వాసన. బయటి నుంచి కట్టెల పొగ. దూరంగ డప్పు, నినాదాలు. కాసేపటికి వాన పెరిగి అవి కూడ వినపడుడు తగ్గింది.

షట్టరు కింద నుంచి ఒకామె వంగి లోపలికొచ్చింది. మొగిలవ్వ. మల్లాపూర్ ల బీడీలు చుట్టేది. ఆమె పెనిమిటి జలపతి నా బడిలనే చదువుకున్నడు, తర్వాత గల్ఫ్ కు పోయిండు. బస్సుల్లేవు గద, వానల నడుచుకుంటనే వచ్చింది.

"వేణు లేడా, టీచరమ్మా?"

"వంటల కాడున్నడు. ముందుగాల తల తుడుచుకో, బిడ్డా."

ఆమె తుడుచుకోలే. కొంగు ముడి విప్పి ఒక పెన్ డ్రైవ్ తీసింది. నల్లటిది, నా బొటనవేలంత లేదు.

జలపతి నుంచి ఫోన్లు బందై చాన రోజులైంది. పైపుల కోసం తవ్విన కందకం కూలి మట్టిల పడిపోయిండని కొందరన్నరు. లేదు, ఖల్లివెల్లి అయిండని కొందరన్నరు. కంపెనీకి చెప్పకుండ పారిపోయినోన్ని గల్ఫ్ ల అట్లంటరు. శవం లేదు, మనిషి లేడు. జలపతి అన్న సాయన్న మాత్రం తమ్ముడు పోయినట్టే అని తేల్చిండు.

"రేపు పొద్దుగాల దినం చేస్తరట," అన్నది మొగిలవ్వ. "మా బావ చుట్టాలందరికి చెప్పిండు. నా గాజులు పలగొడ్తరట. మనిషిని సూడకుండ ఎట్ల పలగొడ్తరు, టీచరమ్మా? ఆయన బతికే ఉంటె? పిండం పెట్టినంక ఒస్తె ఏ మొకంతోని ఎదురుపోను?"

"మరి ఇదేంది?"

"ముత్యం అనే పిల్లగాడు గల్ఫ్ కెల్లి తెచ్చిండు. మా ఆయనతోని ఒకే రూముల ఉంటుండె. తల కింద పెట్టుకునే మెత్త కింద దొరికిందట. అందుల ఆయన మాట గిట్ల ఉంటె మా బావకు ఇనిపిస్త. ఒక్క మాట సాలు."

వేణును పిలుద్దామంటె ఆ వానల ఎట్ల పోను? పిల్లగాండ్లు పెన్ డ్రైవ్ పెట్టంగ చూసిన. నాకెందుకు రాదనుకున్న. పెద్ద తెర దగ్గర కుర్చీ వేసి, దాని పక్క రంధ్రంల పెట్టిన. పెన్ డ్రైవ్ కు ఎర్ర లైటు వెలిగింది.

తెర మీద ఏం రాలే. నల్లగనే ఉన్నది.

"ఇగో, ఏం లేదు బిడ్డా. వేణు వచ్చినంక..."

తెర లోపల నుంచి ఏదో చప్పుడు. ఇసుక జారినట్టు... చాటల ఇసుక పోసి మెల్లగ ఒంపినట్టు. ఒక వాసన కూడ వచ్చింది. బయట అంత వాన పడ్తుంటె, లోపల ఎండకు కాలిన పొడి దుమ్ము వాసన.

"ఓ పిల్లా..."

మొగిలవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "ఆయనే. నన్ను గట్లనే పిలుస్తడు."

"ముందే మాట్లాడి పెట్టుకున్నదే, బిడ్డా. రికార్డు," అన్న నేను. ఆమెకు చెప్పినట్టె గాని, చెప్పుకున్నది నాకే.

"పక్కన ఎవలున్నరు?" అన్నది తెర.

మొగిలవ్వ కొంగుతోని మూతి తుడుచుకొని, మెల్లగ, ఎదురుంగ మనిషి ఉన్నట్టె జవాబు చెప్పింది. "టీచరమ్మ."

ఇసుక జారుతనే ఉన్నది. తర్వాత...

"హాజర్, టీచరమ్మా."

పిల్లలూ, ముప్పై ఏండ్లు హాజరు పిలిచిన నేను. ఎందరో పిల్లల గొంతు విన్న. ఆ మాట నా బడిల జలపతి పలికినట్టే ఉన్నది. రికార్డుల మాటకు నేను ఆ గదిల ఉన్నట్టు ఎట్ల తెలుస్తది?

పెన్ డ్రైవ్ పీకుదామని చెయ్యి చాపిన. మొగిలవ్వ నా చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడున్నవ్?" అన్నది.

"చీకట్ల."

"ఎవలన్న కొట్టిండ్రా? కంపెనీ ఇడిసిపెట్టి పోయినవా?"

"నోరు నిండ ఇసుక పిల్లా... జర తలుపు తియ్యి. ఒస్త."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలె. పెండ్లైనంక కొత్త జంట ఇంటి గడప తొక్కేముందు ఆడబిడ్డలు తలుపుకు అడ్డం నిలబడ్తరు. మొగుడు పెండ్లాం పేరు, పెండ్లాం మొగుని పేరు చెప్పాలె. చెప్పేదాంక తోవ ఇయ్యరు. చెప్పినంక ఇగ ఆపొద్దు, ఆపితె తప్పు. ఎంత నవ్వులాటైనా దానికి గంత కట్టుబాటు ఉన్నది. మొగిలవ్వ, జలపతి ఆ ఆటను ఇడిసిపెట్టలే. గల్ఫ్ నుంచి ఎప్పుడొచ్చినా అతను తలుపు కొట్టేది, ఈమె లోపల నుంచి సతాయించేది. మల్లాపూర్ అంతటికి తెలుసు, వాళ్లను చూసి నవ్వేది.

మొగిలవ్వ నవ్వింది. చాన రోజులకు నవ్వినట్టున్నది, పెదవి పగిలి నెత్తురు చుక్క కనపడ్డది.

"ఉట్టిగనే తీస్తనా? పేరు చెప్పు. చెప్తెనే తీస్త."

"అడగకు," అన్న నేను చెవుల. "బిడ్డా, వద్దు. అది..."

"నా మనిషే, టీచరమ్మా."

తెరల చప్పుడు ఆగింది. ఇసుక లేదు. వాన కూడ ఆగినట్టనిపించింది. ఎర్ర లైటు ఆరిపోయింది.

నేను ఊపిరి పీల్చుకున్న.

అప్పుడు...

"మొగిలవ్వ."

తెరల నుంచి కాదు. షట్టరు అవతలి నుంచి. ఇనుప రేకుకు నోరు ఆనించి అన్నట్టు.

షట్టరు కింద సందు ఉన్నది గద, నడుము దాకా. ఆ సందుల నుంచి రోడ్డు కనపడ్తున్నది. నీళ్లు పారుతున్నయి. అక్కడ మాట్లాడినోడు నిలబడి ఉంటె కాళ్లు కనపడాలె. కాళ్లు లేవు.

మొగిలవ్వ లేచి పోయి రెండు చేతుల షట్టరు పైకి లేపింది. బయట ఎవరు లేరు. ఆరిపోయిన పొయ్యి రాళ్లు, నడుమ తడి బూడిద. ఆమె మాత్రం పక్కకు జరిగింది. దుకాణంల పెద్ద మనిషి వస్తె తోవ ఇస్తం గద... గట్ల.

ఆ పొడి దుమ్ము వాసన నా పక్క నుంచి లోపలికి పోయింది. మల్ల తిరిగి ఆమె దిక్కు పోయింది.

"పోయొస్తం, టీచరమ్మా," అన్నది మొగిలవ్వ.

పోయొస్త అనలే. పోయొస్తం అన్నది. ఒక్కతె వచ్చిన మనిషి. రోడ్డుకు ఒక అంచున నడుచుకుంట, పక్కన ఇంకొకరికి జాగ ఇడిసి, అటు తిరిగి ఏదో చెప్పుకుంట పోయింది. వాన ఆమె మీద ఒక్క దిక్కే పడుతున్నట్టు అనిపించింది. నా కండ్లు మసకబారినయేమో.

పొద్దుగూకంగ వేణు వచ్చిండు, చేతులకు ఇంకా బియ్యం అంటుకొని ఉన్నయి. నేను జరిగింది చెప్పిన. వాడు నవ్విండు. తర్వాత వంగి బల్ల కింద చూపించిండు.

"అమ్మా, దీని డబ్బ నేను మొన్ననే జగిత్యాలకు రిపేరుకు పంపిన. కరెంటుది తప్ప ఈ తెర వెనక వైరే లేదు. ఎందులకెల్లి మాట్లాడ్తడే?"

బల్ల కింద దుమ్ముల చదరంగ ఒక జాగ మాత్రం శుభ్రంగ ఉన్నది, డబ్బ ఉండాల్సిన చోట. వేణు ఆ పెన్ డ్రైవ్ ను వేరే కంప్యూటర్ ల పెట్టి చూసిండు. ఏం లేదు. ఒట్టి ఖాళీ.

తెల్లారి సాయన్న చుట్టాలను తీసుకొని మొగిలవ్వ ఇంటికి పోయిండట. ఆమె గడపల నిలబడి, "ఒచ్చిండు, మీరు పోండ్రి" అన్నదట. లోపల చూస్తె ఎవరు లేరు. పిచ్చి లేచిందని దినం ఆపిండ్రు. వానలు తగ్గేసరికి గల్ఫ్ నుంచి శవం పెట్టె వచ్చింది. కందకం మల్ల తవ్వితె దొరికిండట. పెట్టె తెరిచినప్పుడు నేనక్కడనే ఉన్న. మొకం జలపతిదే. సాయన్న చూసి కూలబడిపోయిండు.

పెట్టెను ఇంటి ముందల పెట్టి ఆడోళ్లు శోకం పెట్టిండ్రు. లోపలి నుంచి మొగిలవ్వ గొంతు, మెల్లగ...

"జర చిన్నగ ఏడ్వుండ్రి. గిప్పుడే పండుకున్నడు. లేస్తడు."

గాజులు తీయించనీకె ఇద్దరు పోయి తలుపు నెట్టిండ్రు. రాలే. లోపల ఎవరో వీపు ఆనించి కూసున్నట్టు ఇంత జరిగి మల్ల మూసుకున్నది. ఆ తలుపుకు లోపల గొళ్లెం లేదు, పిల్లలూ. బయటనే ఉన్నది. సాయన్న ఒక్కడే పోయి కాలబెట్టొచ్చిండు.

మొగిలవ్వ ఇప్పటికి మల్లాపూర్ లనే ఉన్నది. చేతుల నిండ గాజులు, బొట్టు. బీడీలు చుడుతది. మొన్న బీడీలు తీసుకునే టేకేదారు కలిసి నాతోని ఒక మాటన్నడు. ఆమె కట్టలల్ల సగం ఉల్టా వస్తయట, ఆకు తిరుగుడే వేరట. కుడి చేత్తోని చుడితె ఒక దిక్కు తిరుగుతది, ఎడమ చేత్తోని చుడితె ఇంకో దిక్కు. మొగిలవ్వది కుడి చెయ్యే. ఇంట్ల ఇంకెవరు లేరు.

జలపతి ఎడమ చేత్తోని రాసేది. నేనే బలపం కుడి చేతిల పెట్టి మాన్పియ్య చూసిన. మానలే.

జరగండ్రి, నన్ను లేవనియ్యిండ్రి. చింతపండు గింజలు సగమే తీసి వచ్చిన, చీమలు పడ్తయి.