కూర్మమ్మ షెడ్డులో కాంతం వ్యాను

జూట్ మిల్లు మూతపడినా దాని గేటు పక్కనున్న లారీ షెడ్డు ఇంకా నిలబడే ఉంది. చీపురుపల్లి వెళ్ళే రోడ్డులో మలుపు తిరగగానే ఎడమచేతి వైపు. పగలు అక్కడ మేకలు పడుకుంటాయి. చీకటి పడితే మేకలు కూడా ఉండవు.

అక్కడ కూర్మమ్మ తిరుగుతుందని పేరు.

కూర్మమ్మ మిల్లులో నార కట్టలు విప్పేది. మిల్లుకు తాళం పడ్డాక కూడా రోజూ అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చి ఆ షెడ్డు కింద కూర్చునేది. షిఫ్టు సైరను కూత కూయగానే లోపలికి వెళ్ళాలి, ఆలస్యమైతే పూట జీతం పోతుంది కదా. కూత కూయలేదు. ఒక వానాకాలం అక్కడే కూర్చుని కూర్చుని పోయింది. అప్పటినుంచి రాత్రిపూట అటు నడిచేవాళ్ళ వెనక ఒక గొంతు నెమ్మదిగా అడుగుతుందట...

"కూత కూసిందేటి?"

కూసిందంటే నీతో బయల్దేరుతుంది. లేదంటే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అందుకని జనం జవాబు చెప్పకుండా పరుగు తీస్తారు.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఆ మిల్లులో పని చేసినవాణ్ణి. తాళం వేసిన గేటు ముందు టెంటు కట్టుకుని ఎండలో మేం కూర్చుంటే ఒక్క పెద్దమనిషి ఆగి ఏమిటని అడగలేదు. కూర్మమ్మ బతికుండగా ఇదే ప్రశ్న దారినపోయే ప్రతివాణ్ణీ అడిగింది. ఒక్కడూ పట్టించుకోలేదు. పోయాక మాత్రం ఆమె అడిగిందని జ్వరాలు తెచ్చుకుంటున్నారు. దెయ్యాలు లేవు. ఉంటే ముందు మిల్లును ముంచినవాళ్ళ మేడలకు వెళ్ళేవి. మేకల షెడ్డులో వాటికేం పని?

అది నా మాట. ఇక జరిగింది చెబుతాను. నేను కళ్ళతో చూసింది కాదు. అందులో ఉన్న నలుగురూ ఎవరికి వారు చెప్పగా విన్నది.

మా పక్క వీధిలో సత్యానందం అని ఒకడున్నాడు. ఆసుపత్రిలో అంబులెన్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. విశాఖ, బరంపురం, రాయగడ — అతను రోగుల్ని తీసుకెళ్ళని ఊరు లేదు. భార్య కాంతం మాత్రం ఆసుపత్రి వెనక గదిలోనే బతుకంతా గడిపింది. ఆదివారం చర్చి, శనివారం సంత, అంతే ఆమె లోకం. ఉద్యోగం అయిపోనీ, ఈ రోడ్లన్నీ నీకు చూపిస్తానని అతను పెళ్ళినాటి నుంచి చెబుతున్నాడు. ఆమె నమ్మింది. అదీ ఆమె చేసిన పని.

రిటైరయ్యాక ఒక పాత వ్యాను కొన్నాడు. ఇంటి సందులోకి అది దూరలేదు. షెడ్డుకు రేకుల కప్పు ఉంది, అద్దె అడిగేవాడు లేడు. అక్కడ పెట్టి ఇల్లుగా మార్చడం మొదలుపెట్టాడు. పగలంతా రంపపు మోత. సాయంత్రం కాగానే వడ్రంగి రంపాన్ని కూడా వదిలేసి పోయేవాడు. ఏ దొంగా రాడని అతనికి అంత ధైర్యం. కూర్మమ్మకు మిల్లు జీతం ఎగ్గొట్టింది, వీళ్ళు ఆమెను ఉత్తినే కాపలాకు పెట్టుకున్నారు.

వ్యానులో ఒక వైపు మంచం, దాని కింద బట్టల పెట్టె. ఎదురుగా గ్యాసు పొయ్యి. నెత్తిన సోలారు పలక, వెనక నీళ్ళ ట్యాంకు. అయితే అది ఇల్లయింది కాంతం చేతుల్లో. బండి కుదుపుకు గిన్నెలు మోగకుండా సైకిలు ట్యూబు ముక్కలతో మూతలు బిగించింది. పచ్చడి జాడీలకు గోనె తొడుగులు కుట్టింది. సిలిండరు మంచం కింద పెట్టబోతే, నేను బాంబు మీద పడుకోనని చెప్పి బయటికి మార్పించింది. పాత చీర చింపి కిటికీలకు తెరలు కట్టింది.

అంతా అయింది. బండి మాత్రం కదలలేదు.

ట్యాంకు కారుతోందన్నాడు సత్యానందం. అది బాగయ్యాక రంగు నచ్చలేదన్నాడు. రంగు మార్చాక ఫ్యాను గాలి రావడం లేదన్నాడు. చివరికి టీ కొట్టు దగ్గర, నా ముందే, అసలు మాట బయటపెట్టాడు: ఆడమనిషి, రోడ్డు పక్క చీకట్లో పడుకోగలదా, భయపడుతుంది, అమ్మేస్తే మంచిదేమో. చేపల వ్యాపారి ఒకడు అప్పటికే వచ్చి బండి చుట్టూ తిరిగి చూసుకుని వెళ్ళాడు.

ఆ మాట కాంతం చెవిన పడింది. ఆమె అరవలేదు. ఆ షెడ్డులోనే, ఆ వ్యానులోనే ఒక రాత్రి ఒంటరిగా పడుకుంటానంది. భయపడి బయటికొస్తే బండి చేపలవాడికి. రాకపోతే తెల్లారి ప్రయాణం. సత్యానందం ఒప్పుకోక తప్పలేదు.

ఒప్పుకున్నవాడు నేరుగా జగన్నాధం దగ్గరికి వెళ్ళాడు. జగన్నాధం అతని స్నేహితుడు, మిల్లు వెనక వీధిలోనే ఇల్లు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. రాత్రికి జగన్నాధం తెల్ల పంచె ముసుగేసుకుని వ్యాను దగ్గరికి వెళ్ళాలి. ఆడగొంతుతో ఆ ప్రశ్న అడగాలి. అంతే. కాంతం పరుగెత్తుకొస్తుంది, బండి అమ్ముడైపోతుంది, తప్పు ఆమెది అవుతుంది.

చూశారా మగవాడి తెలివి! దెయ్యాన్ని కూడా కూలికి పెట్టుకున్నాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. అమావాస్య దగ్గర పడింది. కాంతం తలుపు జరిపి లోపల పడుకుంది. సత్యానందం ఇంటికి వెళుతున్నట్టు మోటారు సైకిలు స్టార్ట్ చేసి, కొంత దూరం పోయి, దాన్ని పొదల్లో దాచి వెనక్కి నడిచొచ్చాడు. గేటు గోడ చాటున నక్కాడు.

గాలి లేదు. షెడ్డు రేకులు ఉండుండి టిక్కుమంటున్నాయి... పగటి వేడికి సాగినవి చల్లబడుతున్నాయి. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ప్రతిసారీ ఉలిక్కిపడ్డాడు.

జగన్నాధం రాలేదు. ఇంకా రాలేదు...

అప్పుడు వినిపించింది. నెమ్మదిగా, గొంతు తడారినట్టు —

"కూత కూసిందేటి?"

సత్యానందం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాడు. బావ ఇంత బాగా చేస్తాడని అనుకోలేదు. ఇక కేక వినపడాలి. తలుపు దడాలున తెరుచుకోవాలి.

కేక రాలేదు. కాంతం గొంతు తాపీగా జవాబు చెప్పింది.

"కూసేసింది. నోపలికి రా."

వ్యాను తలుపు జరిగింది. తెల్లగా ఏదో లోపలికి ఎక్కింది. తలుపు మూసుకుంది.

సత్యానందానికి అర్థం కాలేదు. బావ లోపలికి ఎందుకెక్కాడు? దొరికిపోయాడా? ఇంతలో లోపల నవ్వులు. రెండు గొంతులు. రెండూ ఆడగొంతులే.

జేబులో ఫోను వణికింది. జగన్నాధం.

"బావా... ఎవులో బయట గొళ్ళెం ఎట్టేసినారు. ఇంట్లోంచి రానేకపోతన్నాను." గుసగుసగా అన్నాడు. "ఈ రోజుకి వొదిలేద్దాం."

సత్యానందం ఫోను జేబులో పడేసి వ్యాను వైపు చూశాడు.

మరి అడిగిందెవరు? ఎక్కిందెవరు? లోపల కాంతంతో కలిసి నవ్వుతున్నదెవరు?

అతను పరుగెత్తాడు. అబద్ధమెందుకు, మొదట మోటారు సైకిలు వైపే పరుగెత్తాడు. తాళం దూర్చాడు కూడా. అప్పుడు మళ్ళీ కాంతం నవ్వు వినిపించింది. ఆసుపత్రి వెనక గదిలో ఆమె అలా నవ్వగా ఎప్పుడు విన్నాడో అతనికి గుర్తు రాలేదు. ఆ నవ్వును ఏదో ఎత్తుకుపోతున్నట్టు అనిపించింది. తాళం వదిలేశాడు. ఇటుక పెళ్ళ ఒకటి చేతికి దొరికితే పట్టుకుని, ప్రభువా ప్రభువా అనుకుంటూ వెనక్కొచ్చాడు. ఆ ఒక్కదానికి అతన్ని నేను మనిషి కింద లెక్కేస్తాను.

తలుపు లాగాడు.

లోపల చిన్న బల్బు వెలుగుతోంది. మంచం మీద కాంతం. ఆమె పక్కన కాళ్ళు ముడుచుకుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని — జగన్నాధం భార్య లక్ష్మీనరసమ్మ. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీర.

"ఇటుకేటి అన్నయ్యా, గోడ కడతావేటి?" అంది లక్ష్మీనరసమ్మ.

తర్వాత ఆమె అతన్ని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. సంగతి మాత్రం ఇది. సాయంత్రం జగన్నాధం పంచె నెత్తిన కప్పుకుని అద్దం ముందు ఆడగొంతు సాధన చేస్తుంటే ఆమె చూసింది. నిలదీసింది. అతను కక్కేశాడు. మొగుడు భోంచేసి చెయ్యి కడుక్కునే లోపు బయట గొళ్ళెం పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా, కాంతాన్ని హెచ్చరించడానికి చీకట్లో వచ్చేసింది. దెయ్యం భయం లేదా అని తర్వాత నేనడిగితే, మొగుడి ముసుగు చూశాక ఇంక ఏ దెయ్యానికీ భయపడలేననిపించిందట.

కాంతం తిట్టలేదు. మొగుడి చేతిలోంచి ఇటుక తీసి కింద పెట్టింది. వెళ్ళడం ఇష్టం లేకపోతే లేదని చెప్పకుండా ఇంత ఎందుకు చేశావని అడిగింది.

సత్యానందం వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏ రోడ్డెక్కినా నాకు మనుషులే గుర్తొస్తారే," అన్నాడు. "ఈ మలుపులో ఓ పిల్ల పోనాది. ఆ వొంతెన దగ్గర ముసిలాయన. ఆసుపత్రి కనపడతంది, ఇంకొక్క నిమిసం అంటే... అక్కడే పోనాడు. నీకు కొండలు కనపడతాయి. నాకు ఆళ్ళు కనపడతారు."

ఇంతకాలం అతను ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పెళ్ళానికి కూడా.

కాంతం అతని పక్కన వచ్చి కూర్చుంది.

"ఒక్కడివే సూసినావు గాబట్టి బరువు," అంది. "పక్కన నానుంటాను. నువ్వు ఆళ్ళ గురించి సెప్పు. నాను ఇంటాను. కొండలు నాను సూపిస్తాను."

లక్ష్మీనరసమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. సత్యానందం చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే అతని భాషలో మళ్ళీ ట్యాంకు కారుతుందని అర్థం. కాంతానికి తెలుసు. మొగుడి చేతిలో టీ గ్లాసు పెట్టి, మాట మార్చి, లక్ష్మీనరసమ్మ వైపు తిరిగింది.

"ఏదైనా నువ్వు బాగా అడిగినావొదినా. నిజింగా కూర్మమ్మే అనుకున్నాను."

"నానేటి అడిగినాను?"

"కూత కూసిందేటని."

లక్ష్మీనరసమ్మ గ్లాసు సగంలో ఆగింది.

"నాను నోరిప్పనేదు," అంది. "తలుపు కాడికి వస్తన్నాను, నువ్వే కూసేసింది నోపలికి రా అన్నావు. నన్ను సూసి పిలిసినావనుకున్నాను."

షెడ్డు రేకు టిక్కుమంది...

ముగ్గురూ తెరిచి ఉన్న తలుపు వైపు చూశారు. బయట చీకటి. లోపలికి రమ్మని పిలిచినదెవర్ని? పిలిస్తే వచ్చినదెవరు?

సత్యానందం టీ గ్లాసు చేత్తోనే ఇద్దరి మధ్య నుంచి దూరి డ్రైవరు సీట్లో పడ్డాడు. తాళం తిప్పాడు. బండి మొదటి తిప్పుకే అందుకుంది. తలుపు వేసిందీ లేదు, పొయ్యి మీది గిన్నె దించిందీ లేదు. వ్యాను షెడ్డులోంచి దూకి రోడ్డెక్కింది. సొంత వీధి వచ్చింది, ఆపలేదు. రాజాం దాటింది, ఆపలేదు. పాలకొండ దాటింది. లక్ష్మీనరసమ్మ తన ఇల్లు, తన మొగుడు, బయటి గొళ్ళెం అని గోల పెడుతూనే ఉంది. కాంతం కిటికీ తెర పక్కకు జరిపి మొహం అద్దానికి ఆనించుకుని కూర్చుంది. ఒక్క గిన్నె మోగలేదట. అది ఆమే నాకు ప్రత్యేకంగా చెప్పింది.

దీపాలు వెలుగుతున్న పెట్రోలు బంకు కనిపించేదాకా అతను బ్రేకు తొక్కలేదు. అక్కడే తెల్లవారింది. పొద్దున్నే శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున ఆగి కాంతం నీళ్ళలో కాళ్ళు పెట్టింది. లక్ష్మీనరసమ్మ కాంతం చెప్పులేసుకుని బస్సెక్కి వెనక్కొచ్చింది. అప్పటికి జగన్నాధాన్ని పాలవాడు విడిపించాడు. ఎవరు పెట్టారు గొళ్ళెం అని అతను పెళ్ళాన్ని ఇంతవరకూ అడగలేదు.

వాళ్ళిద్దరూ ఇంకా రోడ్డు మీదే ఉన్నారు. సత్యానందం ఫోను చేస్తుంటాడు. ఒక చోట రెండు రాత్రులు ఆగాలంటే అతనికి నిద్ర పట్టదట. అందుకని పొద్దున్నే బండి తీసేస్తాడట. కాంతానికి కావలసిందీ అదే. దారిలో అతను చెబుతాడట, ఆమె వింటుందట.

నేను మాత్రం ఊరుకోలేదు. మొన్న ఫోను కాంతానికి ఇమ్మన్నాను. చూడమ్మా, అన్నాను, ఆ రాత్రి షెడ్డులో మొదట ఉన్నది నువ్వొక్కదానివి. జగన్నాధం ఇంట్లో ఉన్నాడు. లక్ష్మీనరసమ్మ నోరు విప్పలేదు. మీ ఆయన గోడ చాటున ఉన్నాడని నీకు తెలుసు. మోటారు సైకిలు పొదల్లో ఆగిన చప్పుడు వినే ఉంటావు. చూద్దాం అన్నవాడు తెల్లారేసరికి ఏం చేస్తాడో కూడా నీకు తెలుసు. ప్రశ్నా నీదే, జవాబూ నీదే. అవునా?

అవతల బండి వెళుతున్న చప్పుడు. దూరంగా ఎవరో నవ్వినట్టు... సత్యానందమే అయ్యుంటాడు.

"అన్నయ్యా," అంది కాంతం, "దెయ్యాలు నేవని మీరే అంటారు కదా?"

"లేవు," అన్నాను.

"మరైతే నానే అయ్యుంటాను," అని ఫోను పెట్టేసింది.