పుష్యరాగం మీద రెండు గుంటలు

"నా రాయికి చిల్లు పెట్టారా, మిస్?"

కొలంబోలోని రత్నపరీక్ష కేంద్రానికి ససంక రెండోసారి వచ్చాడు. భుజాలు వానకు తడిసి ఉన్నాయి.

"వెంట్రుకంత గుంట. పెట్టమని మీరే సంతకం చేశారు," అంది అక్కడ రాళ్లు పరీక్షించే తిసరి.

"సంతకం చేసింది పరీక్షకి. మా నాన్నని దొంగ అనడానికి కాదు."

రిపోర్టు బల్ల మీద పెట్టాడు. అది తిసరి రాసిందే. పుష్యరాగంలో బెరీలియం ఉంది, అంటే రంగు కోసం ఆ పొడి కలిపి కొలిమిలో వండారని. ససంక తండ్రి రత్నపురలో నలభై ఏళ్లుగా నిప్పు చూపని రాళ్లే అమ్ముతున్నాడు. కొన్నవాడు ఈ రాయిని తిప్పి పంపాడు. ఆనాటి నుంచి తండ్రి బజారుకు వెళ్లడం మానేశాడు.

తిసరికి వాదించడం రాదు. చూడటం వచ్చు. కంప్యూటర్లో ఆ రాయి పాత కొలత గీతను మళ్లీ తెరిచింది. లేజర్ రాయిని రవ్వంత చెక్కుతుంది. ఆ ధూళిలో ఏ మూలకం ఎంతుందో యంత్రం చెబుతుంది. బెరీలియం గీత మొదటి రెండు సెకన్లు నిలువునా లేచి, తర్వాత నేలకు దిగిపోయింది. ఆ రోజు ఆమె సగటు ఒక్కటే చూసింది.

"వండిన రాయైతే లోపలిదాకా ఉండాలి. ఇది పైపైనే ఉంది," అంది నెమ్మదిగా. "ఎందులో చుట్టి తెచ్చారు?"

ససంక జేబులోంచి నలిగిన కాగితం పొట్లం తీశాడు. మడతల్లో ఏదో తెల్లటి పొడి.

"ఎవరిదిది?"

"బాబాయిది. ఆయనకి రాళ్లు వండే కొలిమి ఉంది. కాగితం ఇంకా బాగానే ఉందని..." ఆ పొడి వంక చూశాడు.

"ఊరంతట్లో వేరే కాగితం దొరకలేదా?"

"రత్నపురలో పొట్లం కాగితం పారేసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

తిసరికి నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది.

"తప్పు నాదీ ఉంది. ముందు పైమురికి లేపేసి, ఆ తర్వాత కొలవాలి. తొందరపడ్డాను. మా పెద్దాయనకి చెప్తాను. కానీ ఇంకో గుంట పెట్టాలి."

"ఇంకోటా?"

"నమ్మితేనే."

అతను రాయిని కాదు, ఆమెను చూశాడు. "పెట్టండి."

ఈసారి కడిగి, పైపొర తీసి కొలిచింది. గీత నేల విడిచి లేవలేదు. తన పొరపాటును కూడా రాసి, కొత్త రిపోర్టు మీద సంతకం పెట్టింది. ఇద్దరూ బెల్లం ముక్క కొరుక్కుంటూ టీ తాగారు. వాన ఆగినా ససంక లేవలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం ఏదో ఒక రాయి తెచ్చేవాడు. ఒకసారి గాజుముక్క తెచ్చాడు.

"ఇది గాజని మీకు తెలీదా?"

"తెలుసు. మీరు చెప్తే వినాలని."

మూడో నెలలో పుష్యరాగం మళ్లీ వచ్చింది, తెల్లటి కొత్త కాగితంలో.

"నాన్న ఇప్పుడు రోజూ బజారుకు వెళ్తున్నాడు. దీన్ని మాత్రం అమ్మనన్నాడు. తప్పు ఒప్పుకున్న అమ్మాయికి ఇమ్మన్నాడు," అన్నాడు ససంక. "గుంటలు కంసాలికి కనపడలేదు. మీరు చూపిస్తే వాటి మీదే ఉంగరం కొక్కేలు బిగిస్తాడట."

తిసరి అలవాటుగా పట్టకారు అందుకుంది. కాసేపు రాయినే చూసి, పట్టకారు పక్కన పెట్టేసింది.

"వేలి కొలతకి దారం తెచ్చారా?" అని చెయ్యి చాపింది.