నీళ్ళలో వెచ్చని చేయి

చిల్లకూరు దగ్గర హైవే దిగి సముద్రం వైపు ముప్పావుగంట పోతే, సరుగుడు తోటల వెనక రేకుల కప్పున్న పెద్ద హాలొకటి కనిపిస్తుంది. లోపల లోతైన నీళ్ళ తొట్టి, దాని మీద క్రేనుకు వేలాడుతూ ఒక ఇనప డబ్బా. డబ్బాలో ముందు రెండు సీట్లు, వెనక రెండు సీట్లు, పక్కన కిటికీలు. హెలికాప్టర్లలో ఎగిరే సైనికులను అందులో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, నీళ్ళలోకి దించి తలకిందులు చేస్తారు. హెలికాప్టరు సముద్రంలో పడితే ఎలా బయటపడాలో నేర్పడానికి.

వినీలకు అక్కడ అది మూడో రోజు. బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన పిల్ల ఆమె. తండ్రి గంగాధరం రైల్వేలో మెకానిక్కు. కూతురు హెలికాప్టరు నడుపుతుందని చెప్పుకోవడం ఆయనకు సరదా. కానీ మొదటి రెండు రోజులూ వినీల తప్పింది. డబ్బా తిరగడం ఆగకముందే కంగారుపడి బెల్టు ఊడదీసుకుంది. పైనేదో కిందేదో తెలియక కొట్టుకుంటుంటే, నీళ్ళలో కాపలా ఉండే ఈతగాడు, డైవరు, వచ్చి చొక్కా పట్టి లాగాల్సి వచ్చింది. ఈ రోజు కూడా తప్పితే సముద్రం మీద ఎగరడానికి పనికిరాదని రాసేస్తారు. పైగా ఈ రోజు పరీక్ష చీకట్లో.

పక్క సీటు గిరిబాబుది. నాయుడుపేట దగ్గర వరి పండించే ఇంటి పిల్లాడు, హెలికాప్టర్లో ఇంజినీరు. రెండు రోజులూ ఒక్క తప్పు చెయ్యలేదు. డబ్బా ఎక్కే మెట్ల మీద నిలబడి, ఈ శనివారం ఇంటికి వస్తానని వాళ్ళమ్మకు మాటిచ్చానని చెప్పాడు.

నేర్పేది పరంజ్యోతి గారు. నేవీలో డైవరుగా చేసి రిటైరయిన మనిషి. మాట తక్కువ. వినీల బెల్టు బిగిస్తూ మెల్లగా అన్నాడు.

"డబ్బా నిలిచేదాకా కదలబాకమ్మా. ఒక చేయి కిటికీ అంచు మీద, ఒక చేయి బెల్టు మీద. కంగారొస్తే ఏడు దాకా లెక్కపెట్టుకో. ఏడయ్యేసరికి నిలిచిపోతుంది. అప్పుడు కిటికీ తోసి, బెల్టు తీసి రా."

డైవర్లు ఇద్దరే. ఒక పక్క ఆయన, ఇంకో పక్క సమాధానం అనే అతను. ఇద్దరూ డబ్బా బయటే, నీళ్ళలో ఉంటారు. లోపలికి రారు.

బయట మధ్యాహ్నం ఎండ మండుతోంది. హాల్లో నల్ల తెరలు దించి దీపాలు ఆర్పారు. క్లోరిను వాసన, తడి ఇనుము వాసన. క్రేను గొలుసు ఒకసారి కిర్రుమంది. డబ్బా నీళ్ళను తాకింది. చల్లదనం పాదాలకు, మోకాళ్ళకు, నడుముకు, మెడకు ఎక్కింది. వినీల ఊపిరి నిండా పీల్చుకుంది.

డబ్బా తిరగబడింది.

ముక్కులోకి నీళ్ళు పోటెత్తాయి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు. చెవుల్లో తన గుండె చప్పుడే. కిటికీ అంచు పట్టుకుని లెక్క మొదలుపెట్టింది. ఒకటి... రెండు... మూడు...

నాలుగు దగ్గర ఆమె భుజం మీద చేయి పడింది.

వెనక నుంచి.

డైవరేమో అనుకుంది. కాస్త ధైర్యం వచ్చింది. ఆ చేయి భుజం మీంచి జారి, బెల్టు మీదున్న ఆమె చేతిని కప్పింది. పసిబిడ్డను జోకొట్టినట్టు నెమ్మదిగా తట్టసాగింది. ఐదు... ఆరు... ఏడు. డబ్బా నిలిచింది. కిటికీ తోయడానికి వినీల ఒళ్ళు కదిలించింది. ఆ చేయి ఆమె చేతిని గట్టిగా అదిమింది. ఇంకా ఆగమన్నట్టు.

ఆగింది.

తట్టడం మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. రొమ్ములో మంట చల్లారిపోయింది. ఊపిరి కావాలన్న ఆత్రమే లేదు. చిన్నప్పుడు దూరంగా పోయే గూడ్సు బండి చప్పుడు వింటూ నిద్రలోకి జారినట్టు... హాయిగా ఉంది. ఇలాగే ఉండిపోవచ్చు అనిపించింది. ఐదు... ఆరు... ఏడు. మళ్ళీ ఒకటి.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. డైవర్లు మందపాటి చేతొడుగులు వేసుకుంటారు. ఈ చేతికి తొడుగు లేదు. చాలా కాలం నీళ్ళలో నానినట్టు చర్మం మెత్తగా, ముడతలు ముడతలుగా ఉంది. గోళ్ళు తగులుతున్నాయి.

వెనక సీట్లలో ఎవరూ కూర్చోలేదు.

అంతే. లెక్కపెడుతూ అణచుకున్న భయమంతా ఒక్కసారిగా లేచింది. తన్నింది. అరిచింది. నోట్లోంచి బుడగలు తప్ప ఏమీ రాలేదు. భుజంతో కిటికీని గుద్ది, రెండు చేతులతో బెల్టు పీకి, కాళ్ళతో ఎక్కడ దొరికితే అక్కడ తోసుకుంటూ వెలుపలికి వచ్చి పడింది. డబ్బా మునిగి యాభై ఎనిమిది సెకన్లయిందని గట్టు మీద గడియారం చూపిస్తోంది.

గిరిబాబు రాలేదు.

దీపాలు వేశారు. సమాధానం లోపలికి దూరాడు. గిరిబాబు తన సీట్లోనే తలకిందులుగా కూర్చుని ఉన్నాడు. కిటికీ తోసేసి ఉంది. బెల్టు ఎక్కడా ఇరుక్కోలేదు. కళ్ళు తెరిచి, ఎవరో చెబుతున్నది శ్రద్ధగా వింటున్న వాడిలా ఉన్నాడు. గట్టు మీదికి లాగి రొమ్ము మీద ఒత్తితే, చాలాసేపటికి నీళ్ళు కక్కి ఊపిరి పీల్చాడు. ఎందుకు రాలేదని అడిగితే అందరినీ వింతగా చూశాడు.

"వెనక కూర్చున్న సారు ఆగమన్నాడు గదా."

పరంజ్యోతి వినీలను బట్టలు మార్చుకునే గది బయటికి తీసుకుపోయాడు. చుట్టూ చూసి గుసగుసగా అడిగాడు.

"నీ మీద కూడా చేయి పడిందా?"

ఆమె తలూపింది.

"చల్లగా ఉండిందా... వెచ్చగా ఉండిందా?"

"వెచ్చగా ఉంది సార్."

"నా మీద పడినప్పుడు చల్లగా ఉండింది," అన్నాడాయన. బల్ల మీద కూలబడి తన చేతొడుగులు తీసి పక్కన పడేశాడు. ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే ఎత్తలేదు.

గిరిబాబును రెండు రోజులు నెల్లూరు ఆసుపత్రిలో ఉంచి, అంతా బాగుందని ఇంటికి పంపారు. తనంతట తాను బయటికి వచ్చింది కాబట్టి వినీల నెగ్గినట్టు రాశారు. ఆ కాగితాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు.

పది రోజుల తరవాత, పగలు పదకొండు గంటలప్పుడు, గిరిబాబు తల్లి వెంకటశేషమ్మ ఫోను చేసింది. కొడుకు కులాసాగా ఉన్నాడని, అన్నం బాగా తింటున్నాడని చెప్పింది. కాకపోతే నిద్రలో ఊపిరి బిగబడుతున్నాడంది. మొదట్లో కాసేపే. రోజురోజుకీ ఎక్కువవుతోందంది.

వినీల అడిగింది. "మీరు లేపడం లేదామ్మా?"

"ముందు లేపేదాన్ని పాపా. ఇప్పుడు లేపబోతే నా చేయి పట్టుకుంటారు. ఏం కాదు, ఆగమంటారు."

"ఎవరు?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"అమ్మా... ఇప్పుడు గిరి ఏం చేస్తున్నాడు?"

"నా పక్కనే పడుకోనుండాడు. ఊపిరి బిగబట్టుకోనుండాడు."

"ఎంతసేపట్నుంచి?"

"నీకు ఫోను చెయ్యక ముందు నుంచీ," అంది ఆమె, ఎంతో నింపాదిగా.