ఆఖరున దిగే చెయ్యి

"ఈ ఏడాది పిచ్చికలు బొత్తిగా రావడం మానేశాయి మేరీ," అన్నారు సత్యానందం మేష్టారు, పేపర్లోంచి తలెత్తకుండానే కాఫీ గ్లాసు అందుకుంటూ.

మేరీ పైకి చూసింది. వసారా చూరుకి కట్టిన ధాన్యం కుచ్చు మీద, సరిగ్గా ఆయన నడినెత్తికి పైన, నాలుగు పిచ్చికలు గింజల కోసం కొట్టుకు చస్తున్నాయి.

"అదేంటండీ, మీ నెత్తి మీదే ఉన్నాయి కదా," అంది.

"ఏంటా గొణుగుడు? చెప్పేదేదో నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"ఏం లేదులెండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఏడాదిగా ఆ ఇంట్లో ఇదే వరస. పెళ్ళాం గొణుగుతుంది, కూతురు మాటలు మింగేస్తుంది, బళ్ళో పిల్లలు నోట్లో నోట్లో పాఠం అప్పజెబుతారు. లోకమంతా కూడబలుక్కుని తనతో ఇలా మాట్లాడుతోందని మేష్టారి ఫిర్యాదు.

కొత్తపేటలో మేష్టారి చెవి అంటే మాటలు కాదు మరి! పగలు బళ్ళో సోషలు చెప్పినా, ఆయనకి పేరు తెచ్చింది చర్చిలో ఆయన నడిపే పాటల బృందం, క్వయర్. సాధనకి ముందు ఆయనకో పద్ధతుండేది. అందరూ కళ్ళు మూసుకుని కుడిచెయ్యి పైకెత్తాలి. ఆయన చిన్న ఇత్తడి గంట ఒక్కసారి కొడతారు. ఆ మోత వినబడినంతసేపూ చెయ్యి పైన ఉండాలి, వినబడ్డం ఆగిపోగానే దించాలి. ఒక్కొక్కటిగా చేతులు దిగిపోయేవి. అందరికంటే ఆఖరున దిగే చెయ్యి మేష్టారిది. అందుకే పాటలో ఆయన తప్పంటే తప్పే, ఇంక దానికి అప్పీలు లేదు. ఏడాది కిందట ఒకనాడు ఇంట్లో ఆ గంట కొట్టి చూసుకుని, "దీనికి బీట పడింది, మోత చచ్చిపోయింది," అని ఆయనే తీసి బీరువాలో పడేశారు. దాంతో ఆ పద్ధతీ ఆగిపోయింది.

ఆ చెవే ఇప్పుడు ఇంట్లో పెద్ద చిచ్చు పెట్టింది. చర్చి కట్టి యాభై ఏళ్ళయిన సందర్భంగా క్వయర్ వాళ్ళు పాటల క్యాసెట్ తెస్తున్నారు. వచ్చే శుక్రవారం రాజమండ్రిలో రికార్డింగు. అందులో అసలు పాట మేష్టారి కూతురు ఏంజెల్‌ది. ఏంజెల్‌ది అని ఊరంతా అనుకున్నది. మూడు వారాల కిందట మేష్టారు నలుగురిలో ఆ పాట ఆమె దగ్గర్నుంచి తీసేసి, బొంగురు గొంతున్న పాస్టరుగారి మేనకోడలికి ఇచ్చేశారు.

"ఆఖరి చరణం చివర సన్నగా తీసి నిలపమంటే మధ్యలోనే వదిలేస్తోంది. దమ్ము చాలడం లేదు. గొంతు మొద్దుబారింది," అని తీర్పు చెప్పేశారు.

ఏంజెల్ ఒక్క మాట ఎదురాడలేదు. మిరియాల కషాయం తాగింది. అమలాపురం వెళ్ళి గొంతు డాక్టరుకి చూపించుకుంది. "నీ గొంతుకేం, నిక్షేపంలా ఉందమ్మా," అని ఆయన పంపేశాడు. ఆ మాట తండ్రి నమ్మలేదు సరికదా, చివరికి కూతురే నమ్మలేదు. శుక్రవారం రికార్డింగు అయిపోయాక ఇంక పాటల పుస్తకం ముట్టనని తల్లితో చెప్పేసింది. ఆ సంగతి మేష్టారికీ తెలుసు. తెలిసీ బింకంగా ఊరుకున్నారు.

ఇంటి పరిస్థితి ఇలా ఉండగా, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ప్రవీణ్ కుమార్ సెలవు మీద వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండక, నాన్నగారు పాటలు వింటారు, అమ్మ సినిమాలు చూస్తుంది అని ముచ్చటపడి అమలాపురంలో ఒక జత స్పీకర్లు కొన్నాడు. మరీ ఖరీదైనవేం కావు. బైబిలు పక్కన పుస్తకాల అరలో ఒదిగిపోయేంత చెక్క పెట్టెలు. మేష్టారు ఒక్క పాట విని పెదవి విరిచారు. ప్రవీణ్ వాటిని తిరిగిచ్చేసి, నిన్న సాయంత్రం ఇంకో జత మార్పించి తెచ్చాడు. ఈ రెండో జత పరీక్ష ఇవాళ, శనివారం పొద్దున్న.

పక్కింటి బాబ్జీ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం ఆయనది, సినిమాలంటే పడి చస్తాడు. ఫైటింగు సినిమా డీవీడీ చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు.

ముందు అదే వేశారు. హెలికాప్టరు ఎడమ పెట్టెలోంచి బయల్దేరి కుడి పెట్టెలోకి వెళ్తుంటే బాబ్జీ తల కూడా దాంతోపాటే తిరిగింది. బాంబు పేలేసరికి బీరువా అద్దాలు గలగలలాడాయి.

"అబ్బబ్బబ్బ! గుండెల్లో పేలిందండి మేష్టారండి! ఇంతేసి పెట్టెల్లో ఇంత ఏనుగెలా పట్టిందండీ?" అన్నాడు బాబ్జీ.

తర్వాత సీనులో హీరోయిన్ వానలో పరిగెత్తింది. పసుపు చేతుల్తో గుమ్మంలోకొచ్చిన మేరీ నవ్వింది. "ఆ అమ్మాయి గాజులు చూడండి, మన వంటింట్లో మోగినట్టే ఉన్నాయి."

"గాజులేవి?" అన్నారు మేష్టారు. ఆయనకి వాన కూడా వానలా లేదు. ఎవరో చాప ఈడుస్తున్నట్టుంది.

ఆ పైన పాటల డిస్క్ పెట్టారు. బృందగానం, వెనకాల వయొలిన్లు. గోడకి ఆనుకుని నిలబడ్డ ఏంజెల్ ముఖం మూడు వారాల్లో మొదటిసారి విప్పారింది. "అన్నయ్యా, పాట ఎత్తుకునేముందు అందరూ ఊపిరి పీలుస్తున్నారు, వినపడుతోందా? ఆ మూడో ఆవిడ కొంచెం ముందు పీల్చేసింది!"

"వినపడింది వినపడింది," అని నవ్వాడు ప్రవీణ్.

మేష్టారు కుర్చీలో ముందుకి వంగారు. డోలు బాగానే ఉంది. మగ గొంతులు బాగానే ఉన్నాయి. ఊపిర్లా? వయొలిన్లే సరిగ్గా లేవు, అవి గోనెసంచిలో పెట్టి వాయించినట్టున్నాయి! ఇంట్లోవాళ్ళు లేనివి ఉన్నట్టు చెప్పి మురిసిపోతున్నారని ఆయనకి ఒళ్ళు మండింది.

"కట్టెయ్యరా! చవక సరుకు చవగ్గానే పాడుతుంది. రెండో జత కూడా మొద్దుదే అంటగట్టేడు నీకు ఆ షాపువాడు."

ప్రవీణ్ ముఖం వాడిపోయింది. "మొద్దువి కావు నాన్నగారూ. అందరికీ బాగానే ఉన్నాయి కదా."

"అందరి చెవులూ నా చెవీ ఒకటేట్రా?"

"అదేలెండి. అమ్మ మాట మీకు నచ్చదు. చెల్లి గొంతు నచ్చదు. ఇప్పుడు ఈ పెట్టెలు. ఈ ఇంట్లో ఎవరేం చేసినా మీకు మొద్దే!"

"ప్రవీణూ!" అంది మేరీ కంగారుగా. బాబ్జీ డీవీడీ తీసుకుని లేవబోయి, లేస్తే బాగుండదేమోనని మళ్ళీ కూర్చున్నాడు.

ప్రవీణ్ తగ్గలేదు. "షాపాయన పరీక్ష డిస్క్ ఒకటి ఇచ్చేడు. ఇందులో ఒకటే ఈల. కింద నుంచి మొదలై పైకి, ఇంకా పైకి వెళ్తుంది. పెట్టె మొద్దుదైతే మధ్యలోనే ఆగిపోతుంది. వేస్తాను, మీరే వినండి."

"వెయ్యి. నా పద్ధతిలోనే తేల్చుకుందాం. అందరూ కళ్ళు మూసుకోండి. చేతులెత్తండి. ఈల ఆగిపోగానే దించాలి. బాబ్జీ, నువ్వు కూడానూ."

"ఆయ్," అని బాబ్జీ బుద్ధిగా చెయ్యెత్తాడు.

ఈల మొదలైంది. మొదట తుమ్మెదలా రొద పెట్టింది. తర్వాత కుక్కరు కూతలా అయింది. ఇంకా సన్నబడింది, ఇంకా పైకెక్కింది. తటాలున తెగిపోయింది. మేష్టారు చెయ్యి దించారు. తన మాటే గెలిచినందుకు ఆయనకి లోపల్లోపల ఆనందమేసింది.

"అయిపోయింది! చూశావట్రా, సగంలోనే చచ్చింది నీ పెట్టె," అంటూ కళ్ళు తెరిచారు.

నాలుగు చేతులు పైనే ఉన్నాయి.

మేరీ పసుపు చెయ్యి, ప్రవీణ్ చెయ్యి, ఉంగరాల బాబ్జీ చెయ్యి, ఏంజెల్ చెయ్యి. నలుగురి కళ్ళూ గట్టిగా మూసే ఉన్నాయి. కిటికీలో పడుకున్న పిల్లి చెవులు రిక్కించి పెట్టెల వైపే చూస్తోంది. మేష్టారికి మాత్రం గది సమాధిలా ఉంది. కాసేపటికి బాబ్జీ చెయ్యి దిగింది. తర్వాత మేరీది, ఆ తర్వాత ప్రవీణ్‌ది. ఏంజెల్ చెయ్యి ఇంకా నిలబడి, నిలబడి, ఆఖరున దిగింది.

మేష్టారు కుర్చీలోంచి దిగ్గున లేచారు.

"నాటకాలాడుతున్నారా అందరూ కలిసి?" అని అరిచారు. "బాబ్జీ, నువ్వు చెప్పు. నీకేం వినపడింది?"

బాబ్జీ బిక్కచచ్చిపోయాడు. "అబద్ధం ఎందుకండి మేష్టారండి... మీరు మాట్లాడినప్పుడు కూడా మోగుతానే ఉందండి. చెవిలో సూది గుచ్చినట్టు, సన్నంగా."

"అబద్ధం! పెట్టెల్లో ఏదో మాయ ఉంది!"

అప్పుడు మేరీ వెళ్ళి బీరువా తెరిచింది. ఏడాదిగా మూలపడ్డ ఇత్తడి గంట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇందులో మాయ లేదు కదండీ. మీదే. కొట్టండి."

మేష్టారు కొట్టారు. టంగుమని ఒక్క దెబ్బ వినిపించి, వెంటనే చచ్చిపోయింది. అదిగో, బీట పడిందన్నానా అనబోయారు. కానీ గంటని పట్టుకున్న వేళ్ళకి అది ఇంకా వణుకుతూనే ఉన్నట్టు తెలుస్తోంది. ఎదురుగా కూతురు అలవాటుగా ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. వేళ్ళలో ఆ వణుకు పూర్తిగా ఆగిపోయాకే ఏంజెల్ చెయ్యి కిందికి వచ్చింది. బీట గంటకి లేదని ఆయనకి అప్పుడర్థమైంది.

కుర్చీలో కూలబడిపోయారు. ఆయన చూపు ఏంజెల్ మీద ఆగింది. ఆమె వైపు చూస్తుంటే ఇంకో సంగతి తట్టింది.

"అమ్మలూ... ఆ ఆఖరి చరణం చివర... నువ్వు నిలుపుతున్నావా?"

ఏంజెల్ తలొంచుకుంది. "నిలుపుతూనే ఉన్నానండి నాన్నగారూ. మీరు నేర్పినంతసేపూ."

"మరి అంతమందిలో నేను ఆగిపోయిందంటుంటే నోరెత్తలేదేమే!"

"మీ చెవి కదండీ," అంది ఏంజెల్. "మీరు ఆగిపోయిందన్నారంటే ఆగిపోయిందేమో అనుకున్నాను. నా పాట నాకే తప్పుగా వినపడుతోందేమో అనుకున్నాను. డాక్టరు ఏం లేదన్నా నమ్మలేదు. క్వయర్లో కూడా అందరూ అంతే. మేష్టారికి తెలిసింది మనకేం తెలుస్తుందనుకున్నారు."

మేష్టారికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఇంతమందికి వినపడిన పాట తనకొక్కడికీ వినపడలేదు. తన ఒక్కడి మాట కోసం ఇంతమందీ తమ చెవుల్ని కాదనుకున్నారు. కన్నకూతురు తన గొంతునే కాదనుకుంది! ఆయన లేచి, తడబడుతూ వసారాలోకి నడిచారు. తలెత్తి చూరు కిందికి చూశారు.

ధాన్యం కుచ్చు మీద పిచ్చికలున్నాయి. ముక్కులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. చప్పుడు లేదు.

"ఎప్పట్నుంచి వస్తున్నాయి మేరీ?"

ఆవిడ పక్కకొచ్చి, ఈసారి గట్టిగా, ముఖంలోకి చూస్తూ చెప్పింది. "అసలు మానలేదండి. ఒక్కరోజు కూడా."

సత్యానందం మేష్టారు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పెళ్ళాం బిడ్డల ముందు ఆయన ఏడవడం అదే మొదలు. "నిన్ను గొణుగుతావని ఎన్ని మాటలన్నాను మేరీ! దాని నోటి దగ్గర పాట లాగేసుకున్నాను కదే! ప్రభువు క్షమిస్తాడేమో గాని, ఆ పిల్ల ఎలా క్షమిస్తుంది?"

ఏంజెల్ పరుగున వచ్చి తండ్రి భుజం పట్టుకుంది. "అలా అనకండి నాన్నగారూ. నా గొంతు పోలేదు కదా, నాకదే చాలు."

"వయసు మీద పడుతుంటే ముందు సన్నటి శబ్దాలే పోతాయంటారు నాన్నగారూ," అన్నాడు ప్రవీణ్ మెల్లగా. వెంటనే నాలుక్కరుచుకుని, అదే మాట గట్టిగా చెప్పాడు. "సోమవారం కాకినాడ వెళ్ళి డాక్టరుకి చూపిద్దాం. ఇందాక నేనన్న మాటలు మనసులో పెట్టుకోకండి."

"నువ్వన్నది నిజమేరా," అన్నారు మేష్టారు ముఖం తుడుచుకుంటూ. "ఆ పెట్టెలు తిరిగివ్వకు. మంచివే."

సాయంత్రం చర్చిలో మేరీతో సహా క్వయర్ అంతా కూడింది. మేష్టారు వాళ్ళ ముందు నిలబడి, దాపరికం లేకుండా ఉన్న సంగతంతా చెప్పేశారు. "తప్పు నా చెవిది. ఇన్నాళ్ళూ అది మీ నెత్తిన రుద్దేను. మా అమ్మాయి పాట మా అమ్మాయికి ఇవ్వమని అడుగుతున్నాను," అన్నారు. ముందుగా తేరుకున్నది పాస్టరుగారి మేనకోడలు.

"హమ్మయ్య! ఆ చివర నావల్ల కావట్లేదండి బాబూ, ఎవరితో చెప్పుకోవాలో తెలీక చస్తున్నాను!" అంది. అందరూ నవ్వేశారు. ఆ నవ్వుల్లో అందరి బిగువూ సడలింది.

మేష్టారు సంచిలోంచి ఇత్తడి గంట తీశారు. అందరూ కళ్ళు మూసుకుని చేతులెత్తారు. ఆయనా ఎత్తారు. కళ్ళు మాత్రం మూసుకోలేదు. గంట కొట్టి, ముందు వరసలో ఉన్న కూతురి చేతి వైపే చూస్తూ నిలబడ్డారు.

ఆయనకి మోత వెంటనే పోయింది. చెయ్యి దించలేదు. ఒక్కొక్కరివీ దిగిపోయాయి, మేరీది కూడా దిగిపోయింది. ఏంజెల్ చెయ్యి ఒక్కటే నిలబడి ఉంది. తనకి వినపడని ఆ మోత అక్కడ, ఆ పిల్ల వేళ్ళ చివర ఇంకా బతికే ఉందని ఆయనకి తెలుస్తోంది. కళ్ళనిండా నీళ్ళొచ్చి చెయ్యి మసకబారితే, తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఏంజెల్ చెయ్యి దించింది. అది చూసి మేష్టారు తన చెయ్యి దించారు.

"ఇంక పాడమ్మా," అన్నారు.