కాగితం కప్పుల్లో చాయ్

"ఆదివారం మీ నాయన మా ఇంటికొస్తుండు!" అన్నాడు శ్రవణ్ కుమార్, గొడుగుతో ఉరికొచ్చి.

కొత్తకోట బస్టాండులో ఒకటే వాన. ల్యాబులో పొద్దంతా నిలబడి నవ్య కాళ్లు పీకుతున్నాయి. నవ్వే ఓపిక కూడా లేదు.

"మా నాయనా? మీ గడప తొక్కక రెండేండ్లాయె. ఎట్ల ఒప్పుకుండు?"

"మా నాయన తప్పైందని చెప్తడట అని మీ నాయనకు చెప్పిన."

"మీ నాయన అన్నడా గట్ల?"

"అనలే. మా నాయనకేమో, తప్పైందని చెప్పనీకి మీ నాయననే వస్తుండని చెప్పిన." కన్ను గీటాడు. "ఎట్లుంది ప్లాన్?"

నవ్య గొడుగు కిందనుంచి తప్పుకుని వానలో నిలబడింది.

రెండేళ్ల కిందట వాళ్ల ఊరు గోపాల్‌పేట హోటల్లో శ్రవణ్ తండ్రి రాములు, "పథకాలొచ్చినంక కూలోళ్లు ఇండ్లల్ల పండుకున్నరు" అన్నాడు. ఆ మాట నవ్య తండ్రి చిన్నయ్య చెవిన పడింది. అప్పటినుంచి చిన్నయ్య వాడ మనిషి ఒక్కరూ రాములు చేనుకు పోలేదు. వాళ్లు మాట్లాడుకోనిదే వీళ్ల పెళ్లిమాట ఎత్తేదెవరు? ఆ ప్రేమ మూడేళ్లుగా బస్టాండుల్లోనే అలసిపోతోంది.

"తెల్ల అంగీ ఇస్త్రీ చేపిచ్చుకుండు మా నాయన. ఏడికి నాయనా అంటే చెప్పలే. నీ అబద్ధం ఇననీకా అది?"

"ఒక్కసారి కూసుంటే అన్నీ సర్దుకుంటయ్ నవ్యా."

"మాయజేసి కూసోవెడ్తవా? వాళ్లేమన్న కోళ్లా, గంప కింద మూసెటందుకు? ఇద్దరికీ నిజం చెప్పు."

"చెప్తే రారు!"

"రాకుంటే పాయె. అబద్ధంతోనే నడుపుతనంటే మాత్రం, నెలాఖరుకు బెంగుళూరుల వచ్చిన ఉద్యోగానికి పోత. ఇగ ఫోన్ చెయ్యకు."

బస్సొచ్చింది. వెనక్కి చూడకుండా ఎక్కింది.  కోపంలో అన్న మాట పట్టుకుని మనుషులు నిజంగానే దూరమైపోతారేమోనని ఆమెకు ఎప్పుడూ భయమే.

ఆదివారం చిన్నయ్య గుండీలు పెట్టుకుంటుండగా శ్రవణ్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"మామా, అబద్ధమాడిన. మా నాయన తప్పైందని అనలే. రాత్రి ఆయనకు గూడ నిజం చెప్పిన."

"ఏమన్నడు?"

"చెప్పు ఇసిరిండు. తాకలే."

"ఎన్నడుండె ఆయనకు గురి?" అన్నాడు చిన్నయ్య.

"ఇగ అంగీ ఇప్పు" అంది భార్య ఎస్తేరమ్మ.

చిన్నయ్య కాసేపు అద్దంలో చూసుకున్నాడు. "ఇస్త్రీ అంగీ ఏస్కున్నంక ఏడికన్న పోవాలె గద. రెండేండ్లు మొఖం తిప్పి తిప్పి మెడ గుంజుతుంది. నవ్యా, నువ్వు గూడ పా."

ఇంటికొచ్చిన వాళ్లను రాములు పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. కుర్చీ చూపించాడు. అతని భార్య హన్మమ్మ చాయ్ తెచ్చింది, అందరికీ కాగితం కప్పుల్లో. చిన్నయ్య కప్పు ముట్టలేదు.

"చక్కెర తక్కువైందా?" అన్నాడు రాములు.

"రాములన్నా, రోజూ దేంట్ల తాగుతవు?"

"స్టీలు గిలాసల."

"మరి ఇయాల?"

శ్రవణ్ ముఖం మాడిపోయింది. "నేనే తెచ్చిన మామా, అందరికి ఒక్కటే ఉండాలని."

"ఒక్కటే ఉండాలంటే ఇంట్ల ఉన్నయే ఇస్తుంటివి బిడ్డా. నాకు గిలాస ఇయ్యాల్సొస్తదని అందరు కాయితం పట్టుకున్నరు."

 ఇక నాయన లేచి పోతాడనే అనుకుంది నవ్య. లేవలేదు. రాములు తల వంచుకునే అన్నాడు:

"పొద్దుగాల కప్పులు సూడంగనే నాకు తట్టింది. నోరు రాలే."

"గది చెప్పినవ్ సూడు, మంచిగుంది."

"నేను గూడ ఒకటంటా" అన్నాడు రాములు. " ఆ యేడు పత్తి ఏరెటోళ్లు లేక అంత వానకు నల్లవడ్డది. గా మంట మీదనే అంటి, పండుకున్నరని."

"నీ పత్తి తడిసిందని నాకు తెల్వదు. మేం పండుకోలేదన్నా. అప్పుడు పుణె పోయి స్లాబులు పోస్తున్నం. ఇగో, నా ఈ వేలు నలిగింది గూడ అప్పుడే."

రాములు ఆ వేలు వంక చాలాసేపు చూశాడు.

"పథకాల సంగతి మాత్రం నేనొప్పుకోను" అన్నాడు చివరికి.

"ఒప్పుకోకు. నేను గూడ తగ్గను. మిగిలింది రేపు మా ఇంట్ల కొట్లాడుదం, రా."

రాములు చిన్నయ్య వాడలో ఎవరింటా ఏనాడూ కూర్చోలేదు. హన్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాములు భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు.

"ఎన్ని గంటలకు?" అన్నాడు.

శ్రవణ్ నవ్య వెంట సందు చివరిదాకా వచ్చాడు.

"ఇంక బెంగుళూరు పోవు గద?"

"పోత."

అతని ముఖం వాడిపోయింది.

"మొన్న పోతనన్నది నిన్ను ఇడిసిపెట్టి. ఇప్పుడు పోయేది డ్యూటీకి."

"ఏడికైనా పోవుడే గద! తేడా ఏంది?"

"మొన్నటి లెక్కనైతే నువ్వు ఫోన్ చేస్తే ఎత్తకపోదును" అంది నవ్య, ఎన్నాళ్లకో నవ్వి.